ఉన్ని అల్లిక: పోగు నేర్పు పాఠము

చేతిపనులలో అల్లిక చిన్నది. దానికి మగ్గము వలదు, గుంట వలదు, ప్రత్యేకమైన గది వలదు. రెండు సూదులును, ఒక ఉండ ఊలును, అరగంట తీరికయు నున్న చాలును. వసారాలో కూర్చుండియైనను, బస్సుకొఱకు చెట్టునీడను వేచియుండియైనను ఈ పని సాగింపవచ్చును. ఇంత సులువైనదగుటచేతనే కాబోలు, దీనిని ఆడపిల్లల ప్రొద్దుపుచ్చు పనియని కొందఱు తేలికగా జూతురు. ఆ తలంపు సరికాదు. ఒక్క వస్తువునైనను మొదటినుండి తుదివఱకు తన చేతితో నల్లినవానికి పోగు విలువ తెలియును. పోగు విలువ తెలిసినవాడు దానిని వడికినవారి శ్రమను, నేసినవారి శ్రమను చౌకగా చూడజాలడు. ఈ సంగతిని మన పాలమూరు, నల్లగొండ ప్రాంతముల పోగులనే ఉదాహరణముగా గైకొని విచారింతము.

నేతయు, అల్లికయు

మన ప్రాంతమున నేత నెఱుగనివారు లేరు. గద్వాల, నారాయణపేట చీరలు పాలమూరు సీమవి. పోచంపల్లి, పుట్టపాకలు వెనుకటి నల్లగొండ జిల్లాలోనివి. 2016లో జిల్లాలను విభజించినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లోను, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లోను భౌగోళిక గుర్తింపు లభించెను. ఇవన్నియు మగ్గముమీది పనులు. నేతలో పోగులు రెండు విధములు. నిలువున బిగియలాగి కట్టబడునది పడుగు. దాని నడుమ అడ్డముగా బోవునది పేక. పడుగులో వేలకొలది పోగులుండును. అవి ఒకదానినొకటి దాటిపోవునే కాని ఒకదానిలో నొకటి చిక్కుకొనవు.

అల్లికలో నుండునది ఒకే పోగు. ఆ పోగు వంపు తిరిగి, అంతకుముందున్న వంపులోనుండి దూరి వచ్చి, తాను క్రొత్త వంపగును. వల కన్నును పోలియుండుటచే ఈ వంపును మనము కన్ను అని పిలుతము. ప్రతి కన్నును తన క్రిందికన్నును జాఱకుండ పట్టుచు, తన పైకన్నుచే బట్టుకొనబడి యుండును. ఒక కన్ను జాఱినయెడల దాని క్రింది కన్నులును నిచ్చెనమెట్లవలె వరుసగా విడిపోవును. అట్లని వెఱవనక్కఱలేదు. నచ్చని అల్లికను కొస పట్టుకొని లాగినచో పోగంతయు మరల ఉండయగును. కత్తిరించిన గుడ్డకు ఈ భాగ్యము లేదు.

ఈ వంపులవలన అల్లికకు సాగుగుణము కలిగినది. లాగినప్పుడు కన్ను వెడల్పగును. విడిచినప్పుడు మరల తన రూపమునకు వచ్చును. కావుననే వంపుగల శరీరభాగములకు బిగువుగా నుండవలసిన మేజోళ్లు, టోపీలు, చేతితొడుగులు, స్వెట్టర్లు అల్లికతో నేర్పడుచున్నవి. విద్యార్థులారా, మీరు తొడుగు బనియనును భూతద్దముతో పరీక్షింపుడు. ముందువైపున చిన్న చిన్న బాణపు మొనలవంటి గుర్తులును, వెనుకవైపున అలలవంటి గుర్తులును కనబడును. బనియను నేసినది కాదు, యంత్రముతో నల్లినది.

నర్సాపురమువారు చేయు లేసు అల్లిక దీనికి చుట్టమే. అందు కొక్కెముగల సూది యొక్కటియే యుండును. ఒక కన్ను ముగించిన పిమ్మటనే మఱియొక కన్ను ప్రారంభింతురు. రెండు సూదుల అల్లికలో నైతే ఒక వరుసలోని కన్నులన్నియు సూదిమీదనే నిలిచి తమ వంతుకై వేచియుండును.

కొంత పూర్వచరిత్ర

ఎండ దేశమున అల్లిక యెందులకని అడుగువారున్నారు. ఈజిప్టు దేశపు ఇసుకలో దొరకిన పాత అల్లిక మేజోళ్లే వారికి ప్రత్యుత్తరము. అవి సుమారు ఎనిమిది నూర్లు మొదలు వేయేండ్ల నాటివని పండితులు లెక్కింతురు. అవి నూలుతో నల్లినవి. నీలిమందు రంగుతోను తెలుపుతోను చారలు, బొమ్మలు తీర్చినవి. అల్లిక చలిదేశపు సొత్తు కాదు. నూలు పండు దేశమునకును అది తగినదే.

1589వ సంవత్సరమున ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతమున విలియం లీ యనునతడు మేజోళ్లు అల్లు యంత్రమును కనిపెట్టెను. చేతియల్లికచే పొట్టబోసికొను బీదలకు కూడు పోవునని తలంచి ఎలిజబెత్తు రాణి ఆ యంత్రమునకు ప్రత్యేకాధికార పత్రము నీయ నిరాకరించెనని చెప్పుదురు. నాలుగు వందల యేండ్లకు పైబడిన ఆ ప్రశ్న నేటికిని తీఱలేదు. చేతిపనిని యంత్రము చౌకగా జేసినప్పుడు చేతుల గతి యేమి? దీనికి మన ప్రాంతముననే సాక్ష్యము కలదు.

మన మెరకల నల్లయున్ని

మహబూబ్‌నగరము సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున నున్నది. వాన తక్కువ, నేల రాతినేల, గుట్టల నడుమ గడ్డిబీళ్లు. ఇట్టి చోట బ్రదుకనేర్చినది దక్కనీ గొఱ్ఱె. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రముల పీఠభూమియంతయు దాని పుట్టినిల్లు. అది చాలవఱకు నల్లనిది. ఎండకును నడకకును ఓర్చునది. ఒక గొఱ్ఱె ఏడాదికిచ్చు ఉన్ని కిలోగ్రామునకు తక్కువయే. కనుక ఒక గొంగడికి పెక్కు గొఱ్ఱెల ఉన్ని కావలయును.

గొంగడి పని తరతరములుగా కురుమలది. గొఱ్ఱెను కడిగి, కత్తెరతో ఉన్నిని కత్తిరింతురు. ముండ్లను, గడ్డిపరకలను ఏఱివేసి ఉన్నిని ఏకుదురు. స్త్రీలు రాట్నముమీద దానిని పోగుగా వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి ఆఱబెట్టుదురు. అందుచే మెత్తని ఉన్నిపోగు మగ్గముమీది లాగుడుకు ఓర్చుకొనును. పిమ్మట గుంటమగ్గముమీద నేయుదురు. అట్లేర్పడిన గొంగడి కాపరికి చలిలో దుప్పటి, వానలో గొడుగు, మధ్యాహ్నము పఱుపు, రాత్రి పక్క.

ఇన్ని గుణములు ఒక్క వస్త్రమున కెట్లు కలిగెను? ఉన్నిపోగు తిన్నగా నుండక వంకరలు తిరిగియుండును. ఆ వంకరల నడుమ గాలి నిలుచును. నిలిచిన గాలి వేడిమిని సులభముగా దాటనీయదు. కావున అది చలివేళ ఒంటి వెచ్చదనమును బయటికి పోనీయదు. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను లోనికి గ్రహించియు తడిసినట్లు తోపదు. పోగుమీద సన్నని పొలుసులును సహజమైన జిడ్డును ఉండుటచే వానచినుకులు వెంటనే లోనికి దిగక జాఱిపోవును.

ఈ యున్ని ముతకది. ఆస్ట్రేలియా మెరీనో గొఱ్ఱె పోగు మిల్లీమీటరులో సుమారు 50వ వంతు లావుండగా, మన దక్కనీ పోగు దానికి రెండింతలకు పైబడిన లావుండును. మెడకు తగిలిన గుచ్చుకొనును. గొంగట్లో కూర్చుండి తినుచు వెండ్రుకలు ఏఱినట్లు అను సామెతయు కలదు. కాని కాపరి దానిని మెత్తదనమునకై కప్పుకొనలేదు, గట్టిదనమునకై కప్పుకొనెను.

ఈ పని క్షీణించుచున్నది. మాంసమునకు గిరాకి హెచ్చుటచే, త్వరగా బరువెక్కునట్టి, ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు మందలలో చొచ్చినవి. మిల్లు దుప్పట్లు చౌకగా దొరకుచున్నవి. కత్తిరించిన ఉన్నిని కొనువారు లేక పారవేయు పల్లెలు కలవు. ఒక వంక ఉన్ని పెంటకుప్పకు చేరుచుండగా, మఱియొక వంక మన బాలబాలికలు అంగడిలో ఊలు కొని అల్లుచున్నారు. ఆ ఊలులో చాలభాగము ఉన్నియే కాదు.

పోగును గుర్తించుట

అంగడిలో ఊలు అను పేరుతో అమ్మునది తఱచుగా యాక్రిలిక్ పోగు. అది భూమినూనెనుండి తీసిన పదార్థములతో కర్మాగారములందు చేయబడునది. అది చెడ్డదని కాదు. రంగులు ప్రకాశించును, వెల తక్కువ, ఉదుకుట సులభము. అయినను కొన్నదేమో తెలిసి కొనవలయును. అందుకొక పరీక్ష కలదు. ఉపాధ్యాయుల యెదుటనే దీనిని చేయవలయును. జానెడు పోగును ఇనుప చిమటాతో బట్టి, నీళ్లపళ్లెము మీద దీపమునకు తాకింపుడు. వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, మంట తీయగనే ఆఱి, నల్లని నుసి మిగిలినచో అది ఉన్ని. కాగితము కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద మిగిలినచో నూలు. కరగి కాలి గట్టి పూసయైనచో యాక్రిలిక్. ఈ పరీక్షవలన మఱియొక హితవును తెలియును: పొయ్యిదగ్గఱ పనిచేయువారు యాక్రిలిక్ తొడుగుల విషయమున జాగ్రత్త వహింపవలెను.

నూలుపోగునకు నంబరులుండును. 840 గజముల పొడవుగల చిలపలు ఎన్ని చేరిన ఒక పౌను తూగునో, అదియే ఆ నూలు నంబరు. 40 నంబరు నూలు ఒక పౌనునకు 40 చిలపలు, అనగా 33,600 గజములు. దాదాపు 31 కిలోమీటర్లు. నంబరు పెరిగినకొలది పోగు సన్నమగును. నేతకు సరిపోవు నూలు అల్లికకు మిక్కిలి సన్నము గనుక కొన్ని పోగులను కలిపి పురిపెట్టి వాడవలెను. నేతయిండ్లలో మిగిలిన ముక్కనూలును అడిగి తెచ్చుకొన్నచో వేసవికి తగిన నూలు టోపీలు, చేతిసంచులు అల్లుకొనవచ్చును.

మొదటి పాఠము: మెడపట్టీ

క్రొత్తగా నేర్చుకొనువారు మెడపట్టీతో ప్రారంభించుట మేలు. మధ్యమమైన లావుగల ఊలును, 4 మిల్లీమీటర్ల లావుగల సూదులును తీసికొనుడు. కొనలేనివారు వెదురుపుల్లలను చెక్కి, గరుకుకాగితముతో నున్నగా రుద్ది, ఒక కొసను మొనదేర్చి వాడుకొనవచ్చును. ఎడమసూదిమీద 36 కన్నులు ఎక్కింపుడు. పిమ్మట నాలుగు క్రియలు.

1. కుడిసూది మొనను ఎడమసూదిమీది మొదటి కన్నులోనికి ముందునుండి వెనుకకు దూర్పవలెను.
2. వెనుకనున్న పోగును ఆ మొనకు ఒక చుట్టు చుట్టవలెను.
3. చుట్టిన పోగును కన్నులోనుండి ముందుకు లాగవలెను.
4. పాతకన్నును ఎడమసూదినుండి జాఱవిడువవలెను.

దీనిని సూటికన్ను అందము. ఉర్దూ మాటలాడు ఇండ్లలో సీదా యందురు. పోగును ముందువైపున నుంచి, సూదిని వెనుకనుండి ముందుకు దూర్చి అల్లినది తిరుగుకన్ను, అదియే ఉల్టా. నిజమునకు ఇవి రెండును ఒక్కటియే. ఒకదానిని వెనుకనుండి చూచిన రెండవది యగును. వరుసలన్నియు సూటికన్నులే యల్లినచో పట్టీ చదునుగా నుండును. ఒక వరుస సూటి, ఒక వరుస తిరుగుగా నల్లినచో ముఖము నున్నగా నుండును గాని అంచులు చుట్టుకొనును. కావున మొదటి పట్టీకి సూటికన్నులే చాలును. ప్రతి వరుస తుదను కన్నులు లెక్కింపుడు. 36 ఉండవలెను.

ఇక లెక్క. 10 సెంటీమీటర్ల వెడల్పునకు 20 కన్నులు పట్టునెడల 36 కన్నులకు పట్టీ 18 సెంటీమీటర్ల వెడల్పగును. 10 సెంటీమీటర్ల పొడవునకు 40 వరుసలు పట్టునెడల 120 సెంటీమీటర్ల పట్టీకి 480 వరుసలు కావలెను. 36ను 480చే గుణించినచో 17,280 కన్నులు. కన్నునకు ఒకటిన్నర సెంటీమీటరు పోగు చొప్పున 259 మీటర్ల పోగు పట్టును. నిమిషమునకు 20 కన్నుల చొప్పున అల్లినయెడల 864 నిమిషములు, అనగా 14 గంటల 24 నిమిషములు. దినమున కరగంట చొప్పున అల్లినయెడల 29వ దినమున పట్టీ ముగియును.

ఈ యంకెలను చూచి బెదరవలదు. 17,280 కన్నులను ఎవ్వరును ఒక్కసారి యల్లరు, ఒక్కొక్కటిగనే యల్లుదురు. మొదటి వారము చేతులు బిగుసుకొని కన్నులు ఇఱుకగును. రెండవ వారమున వ్రేళ్లు తమంతటదామే నడచును. అప్పుడే ఇందలి ఆనందము తెలియును. చేతులు పనిలోనుండగా మనస్సు నెమ్మదించును. అన్నగారు పాఠము చదువుచుండగా చెల్లెలు వినుచు అల్లవచ్చును. అవ్వ కథ చెప్పుచుండగా మనుమడు అల్లవచ్చును. నిన్నటి పని నేడు కొలబద్దతో కొలువదగినంతగా పెరిగియుండుట చూచి కలుగు తృప్తి వేఱు.

మన ఉన్నితో నేమి అల్లవచ్చును?

దక్కనీ ఉన్ని మెడకు గుచ్చుకొనునని చెప్పితిని. ఐనచో దానిని విడిచిపెట్టవలెనా? వస్తువునకు తగిన పోగును ఎంచుటయే కాక, పోగునకు తగిన వస్తువును ఎంచుటయు నేర్పే. ఈ విషయము తెలిసికొనుటకై మహబూబ్‌నగరమునకు దాపుననున్న ఒక పల్లెలో, ఇంకను రాట్నము త్రిప్పుచున్న ఒక కురుమ యింటికి కొందఱు విద్యార్థినులతో పోయితిని. ఇంటి అవ్వ ఒక బాలికను తనచెంత కూర్చుండబెట్టుకొని ఏకు చేతికిచ్చెను. బాలిక తొందరపడి లాగగా పోగు తెగెను. "గట్టిగ గుంజకు బిడ్డా, ఉన్నియే ఒస్తది, జర ఆగు" అని అవ్వ చెప్పెను. నాలుగవ సారికి మూరెడు పోగు వచ్చెను. అది ఒకచోట త్రాడంత లావు, ఒకచోట దారమంత సన్నము. అవ్వ ప్రక్కన వడికిన పోగు మాత్రము మొదలునుండి తుదివఱకు ఒకే తీరున నుండెను. అట్టి సమత ఎన్ని యేండ్ల పనివలన వచ్చెనో ఆ బాలికకు ఎవరును చెప్పనక్కఱలేకపోయెను.

అచ్చట కొన్న పోగుతో మేము మొదట కుదురు అల్లితిమి. 8 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవుగల పట్టీని అల్లి, నిడుపున చుట్టి, కొసలు కలిపి కుట్టితిమి. బిందె దానిమీద కదలక నిలుచును. పిమ్మట పీటమీద వేసికొను చదరపు ఆసనము. మూడవది పుస్తకముల సంచి. దీనిని కావలసినదానికంటె పెద్దదిగా నల్లి, వేడినీళ్లలో సబ్బుతో బాగుగా రుద్దితిమి. ఉన్ని పొలుసులు ఒకదానినొకటి పట్టుకొనుటచే సంచి కుదించుకొని, దట్టమై, గట్టిపడినది. మెత్తని ఊలు ఈ మూడు పనులకును ఇంతగా నిలువజాలదు. ముతకదనము దోషమని తలంచినచోటనే అది గుణమైనది.

శ్రమకు వెల

అల్లిక ఆనందమును గూర్చి చెప్పి, దానితో బ్రదుకువారి మాట చెప్పకున్న పాఠము సగమే యగును. పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురమునకు 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ మక్రే దొరసానిగారు లేసు అల్లికను నేర్పిరని చెప్పుదురు. బీద స్త్రీలకు జీవనాధారముగా మొదలైన ఆ పని గోదావరి పల్లెలలో వేలకొలది ఇండ్లకు వ్యాపించి, సముద్రములు దాటి అమ్ముడుపోయెను. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపును లభించెను. అయితే మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వారు దినమున చాలగంటలు అల్లియు మిక్కిలి స్వల్పమైన కూలి పొందిరనియు, గృహిణులు తీరికవేళ చేయు పనియని పేరుపెట్టుటయే అందుకొక కారణమనియు ఆమె చూపెను.

మన మెడపట్టీ లెక్కను ఇప్పుడు మరల తలంపుడు. 14 గంటల 24 నిమిషములు. తీరికవేళ చేసినంతమాత్రమున ఆ గంటలు గంటలు కాకపోవునా? తన సంతోషమునకై అల్లువాడు ఆ కాలమును తనకే కానుకగా నిచ్చుకొనుచున్నాడు. కూలికై అల్లునామె ఆ కాలమును ఇతరులకు అమ్ముచున్నది. చేతిలోని సూదియు పోగును ఒక్కటియే. వెల విషయము వేఱు. ఈ భేదమును గుర్తింపని అల్లిక విద్య అసంపూర్ణము. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధిమహాత్ముడు చేతిపనిని చదువునకు కేంద్రముగా నుంచవలెనని ప్రతిపాదించెను. ఒక పట్టీలో గణితము, చరిత్రము, భూగోళము, పదార్థశాస్త్రము, ఆర్థికశాస్త్రము ఇమిడియున్నవని పైన జూచితిమి గదా.

బాలబాలికలారా, ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే అని సోమరులను మన పెద్దలు మందలింతురు. చదివి విడిచిపెట్టినచో ఈ వ్యాసమునకును అదే గతి. వచ్చు సెలవులలో మూడు పనులు చేయుడు. మీ ఇంట గొంగడి యున్నచో దానిని ఎవరు వడికిరో, ఎవరు నేసిరో, ఏ యేట కొంటిరో పెద్దలనడిగి వ్రాసికొనుడు. మీ ఊర వడుకువారున్నచో పావుకిలో పోగును వారడిగిన వెలకు, బేరమాడక, కొనుడు. ఆ పోగుతో ఒక కుదురునైనను అల్లి తల్లిగారి బిందె క్రింద నుంచుడు. తల్లిదండ్రులారా, మగపిల్లవాడు సూదులు పట్టెనని నవ్వకుడు. మగ్గముమీద గొంగడి నేసినవారును మగవారే.

కుదురు ముగించిన దినమున మీకు పట్టిన గంటలను దానిప్రక్కన ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. ఆ తరువాత అంగడిలో చేతిపని వస్తువు వెల విని ఇంత యెందులకని అడుగబోవునప్పుడు ఆ కాగితమును ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొనుడు.